రెండు కంటిపాపల మధ్య

నల్ల కోటు మోచేతి దగ్గర పడిన చిల్లు బఠాణీ గింజంత కూడా లేదు. అంతకు పెద్ద చిల్లుల్ని ఆమె కబుర్లు చెబుతూనే పూడ్చేసేది. కోటు లోపలి మడతలోంచి ఒక్కో పోగే లాగి, సూదికెక్కించి, చిల్లుకు అడ్డంగా ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిచ్చి, చివర గోటితో నొక్కి సర్దితే, కోటు తెచ్చినవాడే ఎక్కడ చిరిగిందో వెతుక్కోవలసి వచ్చేది. లాండ్రీకి వచ్చేవాళ్ళకి ఆమె పేరు తెలియదు. రఫ్ఫు అక్క అంటే చాలు, లోపలి బల్ల వైపు చూపించేవారు.

ఆ రోజు ఆమెకు ఒక పోగు రెండు పోగులై కనిపిస్తోంది. ఉన్న పోగు మీదికే సూది పోనిస్తున్నాననుకుంటే, అది పక్కనెక్కడో గుచ్చుకుంటోంది. కళ్ళు గట్టిగా మూసి తెరిస్తే రెండూ దగ్గరికి జరిగి ఒక్కటయ్యేవి. అలా ఉన్నంతసేపు గబగబా కుట్టేది. అంతలోనే మళ్ళీ విడిపోయేవి. కణతల్లో మొదలైన పోటు మెడ వెనక్కి దిగింది. సూది కోటుకే గుచ్చి, కాసేపు బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఓనరు కోటు తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టాడు. చిల్లు ఉన్నచోట ఈగ వాలినట్టుగా పోగులు గడ్డకట్టి ఉన్నాయి. ఆయన బొటనవేలితో రెండుసార్లు రాశాడు. కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"నీ చేతి మీద నాకు అనుమానం లేదమ్మా," అన్నాడు చివరికి. "కళ్ళ సంగతేదో తేల్చుకో. అందాకా అటు కూర్చో."

అటు అంటే మాసిన బట్టల మూట పక్కన. ఉతకడానికి వచ్చిన చొక్కాలకూ ప్యాంట్లకూ గుర్తు గుడ్డముక్కలు తగిలించే చోటు. ఆ పనికి కళ్ళు పెద్దగా అవసరం లేదు.

పాత కళ్ళజోడు ఇస్త్రీ బల్ల కింద పడి, ఎవరి కాలి కిందో నలిగిపోయాక, మెయిన్ రోడ్డులో అద్దాల గోడలున్న దుకాణంలో ఈ కొత్తది చేయించుకుంది. ఆమెవి ప్లస్ పవర్ అద్దాలు, సీసా అడుగులంత లావు. జోడు పెట్టుకున్న మొదటి రోజు నుంచే నేల పడవలా ఊగింది. దుకాణానికి వెళ్ళి చెబితే, లావు అద్దాలు కదా, అలవాటు పడాలన్నాడు అమ్మేవాడు. ఇంకోసారి వెళితే అద్దాల్ని యంత్రం కింద పెట్టి పవర్ సరిగ్గా ఉందని చూపించాడు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు కుర్చీలోంచి లేవనేలేదు. ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు మందు చుక్కలు వేసి, లోపలికి దీపం వేసి చూసి, కళ్ళు బాగున్నాయి, పవరూ అదే, దిగులు పెట్టుకోకండని మాత్రలు రాసింది. అద్దాలు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి. ఇక బాగాలేనిది తనే అన్నమాట.

ఇల్లు చేరేసరికి కింది వాటా అరుగు మీద తోడికోడలు పాపకు అన్నం పెడుతోంది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. కింద చిన్నవాడి కాపురం, పైన పెద్దవాడిది. పెద్దవాడి కాపురంలో పిల్లలు లేరు. అందుకని పాప పగలు కింద, సాయంత్రం పైన పెరుగుతోంది. పెద్దమ్మను చూడగానే అన్నం ముద్ద ఉమ్మేసి రెండు చేతులూ చాచింది. ఆమెకు ఆ రోజు మొదటిసారి ఊపిరి తిరిగినట్టయింది. పాపను చంకనెత్తుకుని మెట్లెక్కింది. పైన కాసేపు ఆడించి, నిద్రవేళకు దింపుదామని కిందికి బయలుదేరింది.

మెట్టు ఉన్నచోట రెండు అంచులు కనిపించాయి. ఆమె పై అంచును నమ్ముకుంది. అక్కడ మెట్టు లేదు.

పడుతూనే పాపను రెండు చేతులతో పైకెత్తింది. తన నడుము మెట్టుకు కొట్టుకుంది, మోచెయ్యి గీరుకుపోయింది. అయినా పాప తల గోడకు తగిలింది. పిల్ల ఒక్క క్షణం నోరు తెరిచి ఊరుకుని, ఆ తర్వాత ఏడుపు అందుకుంది. తోడికోడలు పరుగున వచ్చి పిల్లను లాక్కుంది. నుదుటి మీద బొప్పి కడుతుంటే అరచేత్తో రుద్దుతూ అటూ ఇటూ తిరిగింది. ఏడుపు తగ్గాక, ఇంకా మెట్టు మీదే కూర్చుని ఉన్న ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"కనబడనప్పుడు కనబడటం లేదని చెప్పాలక్కా. నా పిల్లనెత్తుకుని పరీక్ష చేసుకుంటావా?"

మర్నాటి నుంచి కింది వాటా తలుపు వేసి ఉంటోంది. లోపల పాప నవ్వు మాత్రం వినబడేది. మెట్లు దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకుని, ఒక్కో మెట్టునూ పాదంతో తడిమి, ఆ తలుపు ముందు నుంచి దొంగలా దాటిపోయేది.

భర్త బస్సు డిపోలో మెకానిక్. మాట తక్కువ మనిషి. కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ అంతా విన్నాడు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమన్నాడు. ఒక్కడి జీతంతో బతకలేమా, మనకేమన్నా డజను మంది పిల్లలా అన్నాడు. అనేశాక ఆ మాట ఎటు తగిలిందో తెలిసి, గుడ్డ అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

లాండ్రీ సెలవు రోజున, ఆయన డ్యూటీకి వెళ్ళాక ఆమె వంటగదిలో నిలబడి కళ్ళు మూసుకుంది. ఉప్పు డబ్బా ఎక్కడ, పంచదార డబ్బా ఎక్కడ, అగ్గిపెట్టె ఎక్కడ. చెయ్యి చాచి వెతికింది. ఉప్పు దొరికింది. పంచదార అనుకుని మూత తీస్తే సబ్బు పొడి వాసన వచ్చింది. దాంతో లోపల ఏదో జారిపోయింది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని డబ్బాల మూతలకు పాత గుడ్డ పీలికలు కట్టింది. ఉప్పుకు ఒక ముడి, పంచదారకు రెండు ముళ్ళు, కారానికి జడలా అల్లిన పీలిక. కట్టాక కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ తడిమి, పేరు పైకి చెప్పి, కళ్ళు తెరిచి చూసుకుంది. తప్పు పోలేదు. బడిలో పాఠం అప్పజెప్పిన పిల్లలా కాసేపు సంతోషించింది. ఆ తర్వాత గోడకు చేరగిలబడి, తాను దేనికి సంతోషించిందో గుర్తొచ్చి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తలుపు వేసి ఉన్నా కింది వాటా మగవాడు మాత్రం పైకి వస్తూనే ఉన్నాడు. వదిన చేతి టీ తాగకపోతే అతనికి సాయంత్రం గడవదు. పరిస్థితి విని, ఆ దుకాణం కాకపోతే ఇంకోటి, ఫోన్లోనే అద్దాలు తెప్పించుకోవచ్చన్నాడు. పవర్ చీటీలో అంకెలన్నీ ఫోన్లో నింపాడు. చివర్లో ఒక గడి మిగిలింది. రెండు కంటిపాపల మధ్య దూరం ఎంతని అడుగుతోంది. అది లేకుండా ముందుకు పోనివ్వడం లేదు. చీటీలో అది లేదు. అద్దాలు చేసినవాడికి తెలియకుండా ఉంటుందా వదినా, వెళ్ళి అడుగు అన్నాడు.

ఆమె మర్నాడు లాండ్రీ నుంచి వస్తూ అడిగింది. అమ్మేవాడు గాజు పెట్టె మీద గుడ్డతో తుడుస్తూనే, అది బయటికి ఇవ్వమన్నాడు. అద్దాలు తమ దగ్గర చేయించుకునేవాళ్ళకే అన్నాడు.

"నా కళ్ళ మధ్య దూరమే కదా బాబూ?"

"కళ్ళు మీవేనమ్మా. కొలత మాది."

పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది, అదేదో సరసమన్నట్టు. రోడ్డు మీదికి వచ్చాక ఆ నవ్వు ముఖం మీద ఎండిపోయింది. దారంతా ఎదురొచ్చే మనుషులు జంటలు జంటలుగా కనిపించారు.

భర్త కొలుస్తానన్నాడు. ఇంజన్‌లో వెంట్రుక వాసి తేడా పట్టుకుంటాను, ఇదెంత పని అన్నాడు. ఆమెను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, కనుబొమల మీద స్టీలు స్కేలు ఆనించాడు. స్కేలు చల్లగా తగిలి ఆమె వెనక్కి జరిగింది. కదలకన్నాడు. అటు కన్ను చూసి, ఇటు కన్ను చూడటానికి తల తిప్పాడు. డెబ్బై మిల్లీమీటర్లు అన్నాడు. మళ్ళీ చూసి అరవై రెండు అన్నాడు. మూడోసారి యాభై తొమ్మిది వచ్చింది. నీ కళ్ళేమన్నా గడియారం ముళ్ళా, చూసినప్పుడల్లా జరుగుతున్నాయని విసుక్కున్నాడు. ఆయన నన్ను చూడు అన్నప్పుడల్లా ఆమె ఆయనను చూడటానికే ప్రయత్నించింది. అద్దాలు లేకుండా అంత దగ్గర్లో ఆయన ముఖం గోధుమరంగు మరక. ఆ మరక నిట్టూర్చింది. ఆమె స్కేలు తీసుకుని అద్దం ముందుకు వెళ్ళి తనే పెట్టుకుంది. అద్దంలో స్కేలూ లేదు, గీతలూ లేవు. చూడటానికి కావలసిన కళ్ళజోడు చేయించుకోవడానికి ముందు చూపు కావాలి. ఆ మాట ఆయనతో అంటే, రేపు చూద్దాంలే, అన్నం పెట్టు అన్నాడు.

ఆదివారం పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మరిదివి కావు. తోడికోడలు గుమ్మంలో ఆగింది. పాప చేతిలో లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో స్కేలు.

"ఆయన చెప్పారు. కూర్చో అక్కా."

పిల్లను గురించి గానీ, మెట్ల గురించి గానీ ఎత్తలేదు. ఫోన్లో ఎవరో ఒకావిడ కళ్ళ కొలత ఎలా తీయాలో చెబుతోంది. తోడికోడలు దాన్ని ఆపి ఆపి వింది. కిటికీకి ఎదురుగా ఆమెను కూర్చోబెట్టి, తన కళ్ళు ఆమె కళ్ళ ఎత్తుకు వచ్చేలా ఎదురుగా పీట మీద దిండు వేసుకుని కూర్చుంది.

"నన్ను చూడొద్దు. నా భుజం మీదుగా దూరంగా చూడు. ఆ నీళ్ళ ట్యాంకు వైపు."

"ట్యాంకు కనబడదు నాకు."

"కనబడకపోయినా చూడు. అది అక్కడే ఉంది."

స్కేలు నుదుటి మీద నిలిచింది. తోడికోడలి చెయ్యి ఆమె చెంప మీద ఆనింది. ఆ చేతికి పాప పౌడరు వాసన. ఇన్ని రోజులూ తలుపు సందుల్లోంచి కూడా అందని వాసన. కళ్ళలో నీళ్ళు ఊరితే, ఆగక్కా, నల్లగుడ్డు కనబడటం లేదంటూ తోడికోడలు చీర చెంగుతో అద్దింది. తన కన్ను ఒకటి మూసుకుని సున్నా గీతను ఆమె ఒక నల్లగుడ్డు నడిమికి తెచ్చింది. స్కేలు కదపకుండా, తల కదపకుండా, ఆ కన్ను తెరిచి రెండోది మూసుకుని, ఆమె రెండో నల్లగుడ్డు దగ్గరి అంకె చదివింది. యాభై ఆరు. స్కేలు తీసేసి మళ్ళీ పెట్టింది. యాభై ఆరే. ఇంకోసారి కూడా అంతే వచ్చాక ఫోను కేసి చూసి, చేసిన అద్దాల్ని కూడా కొలవొచ్చటక్కా, ఏదన్నా నిట్టనిలువు గీత కావాలంది.

ఆమె తెల్ల దిండు గలీబు మీద నల్లదారం బిగలాగి రెండు కొసలా గుండుసూదులు గుచ్చింది. చేతికి తెలిసిన పని కాబట్టి చూపు అడ్డం రాలేదు. తోడికోడలు కళ్ళజోడును దారం మీద ఎత్తిపట్టి, పక్కకు జరుపుతూ చూసింది. అద్దంలో దారం విరిగి పక్కకు తప్పుకుని కనిపించింది. ఒక్కచోట మాత్రం బయటి దారంతో కలిసి తిన్నగా నిలిచింది. అక్కడ స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టింది. రెండో అద్దానికీ పెట్టింది. రెండు చుక్కల మధ్య స్కేలు ఆనించింది. చుక్కలు చెరిపేసి, మళ్ళీ మొదటినుంచీ చేసింది.

"ఎంత?" అంది ఆమె.

"ఇవి పెట్టుకో."

పెట్టుకుంది. తోడికోడలు ఎదురుగా వంగి చూసింది. చుక్కలు రెండూ కంటిపాపల మీద లేవు. చెరో పక్కకు, చెవుల వైపుకు జరిగి ఉన్నాయి.

"అరవై ఆరుకు చేశాడక్కా. ఇవి నీ కళ్ళకు చేసినవి కావు. ఎవరి కళ్ళకూ చేసినవి కావు."

సంతోషం రాలేదు. ఆమె స్టూలు మీంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక, వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది. వెనకే వచ్చిన తోడికోడలు మంచినీళ్ళ కోసం వెతుకుతూ డబ్బాల వైపు చూసింది. ముడులు కట్టిన పీలికల్ని ముట్టుకుని, ఇవేంటని అడిగింది.

"గుడ్డిదాన్నయ్యాక ఉప్పేదో పంచదారేదో తెలియాలి కదా."

మామూలుగానే అంది. తోడికోడలి చెయ్యి జడ పీలిక మీదే ఆగిపోయింది. కాసేపటికి అక్కడే కింద చతికిలబడి, తల వంచుకుని, గోటితో నేల గీకుతూ కూర్చుంది. ఆమె కూడా పక్కన కూర్చుంది. కింద పాప లేచి ఏడ్చేదాకా అలాగే ఉన్నారు.

మర్నాడు పొద్దున కింది తలుపు తెరిచి ఉంది. తోడికోడలు చెప్పులేసుకుని, పాపను చంకనెత్తుకుని తయారుగా నిలబడింది. పద అక్కా అంది.

అమ్మేవాడు చుక్కలు పెట్టిన అద్దాల్ని అటూ ఇటూ తిప్పాడు. ఇంట్లో స్కేలుతో కొలిచింది లెక్కలోకి రాదన్నాడు. మరి మీరెంత కొలిచారో చెప్పమంది తోడికోడలు. అతను కాసేపు కంప్యూటరులో వెతికాడు. చివరికి, పెద్దవాళ్ళకు దాదాపు అందరికీ అరవై ఆరే ఉంటుంది కాబట్టి రద్దీగా ఉన్నప్పుడు అదే వేసేస్తామని, ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదని చెప్పాడు.

"అంటే కొలవలేదు," అంది ఆమె. ఆ దుకాణంలో అడగటం కాకుండా చెప్పడం ఆమెకు అదే మొదలు.

తోడికోడలు అద్దం ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. పాప గాజు పెట్టెను రెండు చేతులా డోలులా వాయించడం మొదలుపెట్టింది. ఫ్రేములు చూసుకుంటున్న వాళ్ళు అటు తిరిగారు. మాకేం తొందరలేదు బాబూ, మీ పని చూసుకోండి, మేం ఇక్కడే ఉంటాం అంది తోడికోడలు. అతను లోపలికి వెళ్ళి కొలిచే పరికరం తెచ్చాడు. ఆమె ముక్కు మీద ఆనించి చూశాడు. యాభై ఆరు. సరే, మార్పిస్తాను, వారం పడుతుందన్నాడు. తప్పయిందనలేదు. చెమట పట్టిన చేతుల్ని ఆమె చీరకు తుడుచుకుంటుంటే, తోడికోడలు చెప్పు సరిచేసుకోవడానికి వంగుతూ, ఇదిగో పట్టుకో అని పాపను ఆమె చేతుల్లో పెట్టింది. ఇల్లు చేరేదాకా తిరిగి తీసుకోలేదు.

పాపను దింపి అలాగే లాండ్రీకి వెళ్ళింది. తప్పు అద్దాలదేనని ఓనరుకు చెప్పింది. చెబుతుంటే మాటలు ఒకదానిమీదొకటి పడ్డాయి. ఆయన శ్రద్ధగానే విన్నాడు. మంచి మాట చెప్పావమ్మా అన్నాడు. ఆపైన మెడ వెనక గోక్కుంటూ, రఫ్ఫు పని వంతెన అవతల ఒకతనికి ఇచ్చేశాననీ, ఏడాదిపాటు ఇస్తానని మాటిచ్చాననీ, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే బాగుండదనీ చెప్పాడు. గుర్తులు తగిలించే పని నీకెప్పుడూ ఉంటుందిలే అన్నాడు.

లోపలి బల్ల మీద ఇస్త్రీ చొక్కాల దొంతర పేర్చి ఉంది. ఆమె గుడ్డ బిగించే ఫ్రేమూ, సూదుల పెట్టె ఒక సంచిలో వేసి బల్ల కింద పెట్టారు. ఆ సంచి తీసుకుని ఇంటికి వచ్చింది. రాత్రి భర్త అడిగితే, ఎక్కడైనా కుట్టుకోవచ్చులే అంది. ఆయన ఆ దుకాణంవాణ్ణి ఒక తిట్టు తిట్టి, అన్నం కలుపుతూ ఆగి, ఎడంచేత్తో ఆమె గీరుకుపోయిన మోచేతిని ముట్టుకుని చూశాడు.

అద్దాలు మారి వచ్చాయన్న రోజు తోడికోడలు స్కేలు తీసి ఆమె చేతిసంచిలో వేసింది. కొలిచి చూసుకోకుండా రావద్దంది. పాపకు జలుబుగా ఉండి తను రాలేదు.

దుకాణంలో కళ్ళజోడు పెట్టుకుని ఆమె మొదట నేల చూసింది. పలక మీద పలక, అంచుకు అంచు. ఊగడం లేదు. చెయ్యి చాచి చూసుకుంది, వేళ్ళు ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. సూది పోట్లు పడి గరుకుదేలిన చూపుడువేలి కొస కూడా కనిపించింది. ఈ కాస్తకే పోయింది బల్ల. ఈ కాస్తకే. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

అమ్మేవాడు ఈసరికే ఇంకొకరి వైపు తిరిగాడు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చినట్టుంది. నేల తన మీదికి లేస్తున్నట్టుంది బాబూ, మొన్న కూడా చెప్పానంటున్నాడు. కొత్తలో అంతే పెద్దాయనా, నాలుగు రోజులు పెట్టుకుంటే సర్దుకుంటుందన్నాడు అమ్మేవాడు. ముసలాయన అంతేనా అన్నాడు. ఇంకేదో అనబోయి మానేశాడు. నవ్వబోయాడు. పాదంతో ముందు తడుముకుని, గోడ పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

ఆమెకు అక్కడ పని అయిపోయింది. సంచి భుజాన వేసుకుంది. ముసలాయన గుమ్మం మెట్టు దగ్గర ఆగి, కర్రతో కింద వెతుకుతున్నాడు. కర్ర మెట్టుకు ఇవతలే కొట్టుకుంటోంది.

ఆమె వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"పెద్దాయనా, ఒక్క నిమిషం ఇలా కూర్చుంటారా?"

ఆయన ఎవరమ్మా అని అడుగుతూనే ఆమె వెంట వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళజోడు తీయించింది. తను ఇంకో స్టూలు లాక్కుని, ఆయన కళ్ళ ఎత్తుకు ఒదిగి కూర్చుని, సంచిలోంచి స్కేలు తీసింది. ముసలాయన కళ్ళు తడిగా, బూడిద రంగు అంచుతో, భయపడుతూ ఆమెనే చూస్తున్నాయి.

"నన్ను కాదు. నా భుజం మీదుగా దూరంగా చూడండి."

"ఏముందమ్మా అక్కడ?"

"రోడ్డు ఉంది. కదలకండి."

వెనకనుంచి అమ్మేవాడు వచ్చాడు. అతని చేతిలో కొలిచే పరికరం ఉంది. జరగండమ్మా, నేను చూస్తానన్నాడు. అతని గొంతు కాస్త తగ్గి ఉంది. ఆమె ఒక కన్ను మూసుకుని, సున్నా గీతను ముసలాయన నల్లగుడ్డు నడిమికి తెస్తోంది. తల తిప్పలేదు.

"చూద్దురుగాని. ముందు నన్ను చూడనివ్వండి."